సంత నుంచి రాని మాట

ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఇజ్జా. ఆ బుధవారం కూడా చీకటితోనే లేచి, మట్టిపొయ్యి రాజేసి, బార్లీ రొట్టెలు ఒత్తుతోంది. బయట దేవదారు అడవి మీద మంచు తెర ఇంకా వీడలేదు. వదిన ఫద్మా ఉన్ని దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నీకెన్నిసార్లు చెప్పాలే? రొట్టెల పని నేను చూసుకుంటానన్నానా లేదా?”

“మెలకువ వచ్చేసింది వదినా. ఊరికే కూర్చోలేను కదా.”

“ఊరికే కూర్చోవడం నేర్చుకోవాలంటే నువ్వు మళ్లీ పుట్టాలి” అంటూ ఫద్మా పక్కన చతికిలబడి పిండిముద్ద అందుకుంది.

అడవిలో చెట్టు మీదపడి భర్త పోయాక, పసిపిల్ల తూదాను చంకనేసుకుని ఇజ్జా అన్న హమ్మూ ఇంటికి వచ్చేసింది. వచ్చిన రోజు నుంచీ ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెకు బరువైపోయింది. అందరూ తిన్నాక తినేది. కొత్త బట్ట ఇస్తే, “పాతది బాగానే ఉందిగా వదినా” అనేది. జ్వరం వచ్చినా మగ్గం దగ్గర కూర్చునేది. పసిపిల్ల తూదా ఇప్పుడు పెళ్లీడుకొచ్చింది. ఇజ్జా మాత్రం ఆ ఇంట్లో ఇంకా నిన్న వచ్చిన చుట్టంలాగే మసిలేది.

హమ్మూ కంచర గాడిదకు జీను కడుతూ వాకిట్లోంచి కేకేశాడు. “ఏమర్రా, సంతకెళ్తున్నాను. ఏం కావాలో ఇప్పుడే చెప్పండి. ఇంటికొచ్చాక ‘అయ్యో, నీలం రంగు మర్చిపోయావా’ అంటే మళ్లీ వెళ్లేది లేదు.”

“నీలం రంగు మర్చిపోకు” అంది ఫద్మా.

“చూశావా, మొదలు పెట్టింది!”

హమ్మూ సరదా మనిషి. కుర్రతనంలో సైన్యంలో పనిచేసి అరబ్బీ నేర్చుకున్నాడు. ఆ కొండమీద ఆడవాళ్లలో చాలామందికి తమ అమాజిగ్ భాష తప్ప మరొకటి రాదు, సంతకు వెళ్లే అలవాటూ లేదు. అందుకని లోకం వాళ్ల దగ్గరికి హమ్మూ నోటి మీదుగానే వచ్చేది. ఏ ఊళ్లో ఎవరు పోయారు, ఉన్ని ధర పెరిగిందా, పట్నంలో ఏం వింతలు జరిగాయి, అన్నీ అతను చెప్పాల్సిందే. బుధవారం సాయంత్రం చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు కూడా ఏదో పని వంకతో వచ్చి కూర్చునేవాళ్లు. చెప్పడంలో అతని తర్వాతే ఎవరైనా. ఆ సంగతి అతనికీ తెలుసు.

జీను బిగించాక అతను చెల్లెలి దగ్గరకు వచ్చాడు. గొంతు తగ్గించి, “మరి ఆ లహ్‌సెన్‌కి ఏమని చెప్పను? ఇవాళ కచ్చితంగా అడుగుతాడు” అన్నాడు.

లహ్‌సెన్‌కి పట్నంలో కిరాణా కొట్టుంది. భార్య పోయింది, పిల్లలున్నారు. వయసు ఇంచుమించు హమ్మూదే. మనిషి చెడ్డవాడు కాడు. తూదాను చేసుకుంటానని కబురు పెట్టాడు.

ఇజ్జా తల ఎత్తలేదు. “సరేనని చెప్పు అన్నా.”

“బాగా ఆలోచించుకున్నావా?”

“ఆలోచించడానికేముంది? ఎన్నాళ్లని నీ మీద...” మిగతా మాట మింగేసింది.

హమ్మూ ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. చెప్పలేదు. కంచర గాడిదను అదిలించి దారి పట్టాడు.

గోడ పక్కన మేకపాలు పిండుతున్న తూదా అంతా విన్నది. పాలచెంబు తెచ్చి తల్లి ముందు పెట్టి, “నాకు ఇష్టం లేదని నీకు తెలుసు” అంది మెల్లగా.

“తెలుసు.”

“కింద ఆస్పత్రిలో నర్సమ్మ ఏమందో కూడా తెలుసు. ‘మీ కొండ ఆడవాళ్లు నొప్పి ఎక్కడో చెప్తారు, నాకు అర్థం కాదు. నేను చెప్పేది వాళ్లకి అర్థం కాదు. బడిలో అరబ్బీ నేర్చుకున్నావు, నీకు రెండు భాషలూ వచ్చు. ఖెనిఫ్రా నగరంలో ఉండి చదువుకుంటే నా పక్కనే ఉద్యోగం’ అంది. నేను వెళ్లినప్పుడల్లా అదే మాట.”

“ఖెనిఫ్రాలో నిన్ను ఉంచి చదివించమని మామయ్యని ఏ ముఖం పెట్టుకుని అడగనే? మనమే ఒకరి పంచన బతుకుతున్నాం. తినే చేత్తోనే ఇంకా ఇంకా అని చాపమంటావా?”

తూదా మేకల దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. ఆ మాట వింటూనే ఆమె పెరిగింది.

ఎండ ఎక్కాక ఇజ్జా, ఫద్మా ఉన్ని మూటలు నెత్తిన పెట్టుకుని వాగుకు దిగారు. గొర్రెల ఉన్ని కత్తిరించిన రోజులు, పైన కరిగిన మంచుతో వాగు ఉరకలేస్తోంది. పిల్ల పెళ్లికి నేయాల్సిన తివాచీ కోసం ఆ ఉన్ని. అవతలి గట్టు తెగకు చెందిన రబ్హా అప్పటికే నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, కాళ్లతో ఉన్ని తొక్కుతూ పాడుతోంది. నోటి దురుసు మనిషే గానీ మనసు వెన్న.

“ఎవరికమ్మా ఇంత ఉన్ని?” అని అరిచింది.

“తూదాకి. లహ్‌సెన్‌తో మాట అనుకుంటున్నాం” అంది ఫద్మా.

“ఆ కొట్టు లహ్‌సెనా? వాడి పెద్ద కూతురు తూదాతో ఆడుకునే ఈడుదే!” రబ్హా తొక్కడం ఆపి ఇజ్జా వైపు చూసింది. “ఏం ఇజ్జా, పిల్లకేం తక్కువైందని? నీ వాటా వచ్చాక కాస్త కాలూ చెయ్యీ కూడదీసుకుని, దానికి నచ్చినవాణ్ణి చూడొచ్చుగా?”

“ఏ వాటా?”

“తెగ భూమిలో నీ వాటా.”

ఇజ్జా నవ్వింది. “తెగ భూమిలో ఆడదానికి వాటా ఎప్పుడుందే?”

“ఇప్పుడుంది. పైనుంచి ఉత్తరువు వచ్చింది కదా, ఆడపిల్లలకూ మగపిల్లలతో సమానమని. మేం నాయబు దగ్గరికి వెళ్లి, తెగ భూముల వ్యవహారం చూసేది నువ్వే కదయ్యా, మా పేర్లు ఎక్కించమని కూర్చున్నాం. నాకు మా నాన్న తరఫున గోధుమ చేనొచ్చింది. మీ తెగలో ఎవరూ వెళ్లలేదా?”

ఇజ్జా చేతిలోని ఉన్ని ముద్ద నీళ్లలో జారిపోతుంటే ఫద్మా పట్టుకుంది.

“మావాళ్లకి తెలిసుండదు” అంది ఇజ్జా. “తెలిస్తే అన్న చెప్పకుండా ఉంటాడా?”

రబ్హా పెద్దగా నవ్వేసింది. “తెలియకపోవడమేంటమ్మా! సంతలో దండోరా వేయించారు. అరబ్బీలో వేశారు, మగాళ్ల మధ్యలో వేశారు. మా తమ్ముడూ నోరు మెదపలేదు. మా మేకకు జబ్బు చేస్తే మందివ్వడానికొచ్చినాయన చెప్తే నాకు తెలిసింది. ఎప్పుడనుకున్నావ్? పోయిన ఏడు, కోతులాడించేవాడి వేలు కోతి కొరికేసిందే, ఆ రోజే.”

ఆ తర్వాత రబ్హా ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఇజ్జా చెవికి ఏదీ ఎక్కలేదు. కోతి వేలు కొరికిన కథ ఆమెకు బాగా గుర్తుంది. అన్న ఆ సాయంత్రం వాకిట్లో కోతిలా గెంతి, కోతివాడిలా ఏడ్చి, ఊళ్లో ఆడవాళ్లందరినీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. ఆ వారమంతా ఇంట్లో అదే కథ. అంటే ఆ రోజు అతను అక్కడే ఉన్నాడు. కోతి కథ మోసుకొచ్చాడు. రెండో కథ అక్కడే వదిలేసి వచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఫద్మా దారి పొడుగునా భర్తను వెనకేసుకొచ్చింది. “రబ్హా మాటలు నమ్ముతావా? గోరంత ఉంటే కొండంత చేస్తుంది. అయినా ఇంట్లో నీకేం లోటు చేశామని?” ఇజ్జా తడి మూట నెత్తి మీద సర్దుకుని నడకలో వేగం పెంచింది.

పొద్దు వాలుతుండగా హమ్మూ వచ్చాడు. జీనుకు రెండు వైపులా నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మెలు వేలాడుతున్నాయి. అవి చూడగానే ఇజ్జాకు అర్థమైంది, మాట ఇచ్చేశాడు. పెళ్లివారి చక్కెర ఇంట్లోకి వచ్చాక వెనక్కి పోవడమంటే రెండు ఇళ్లకూ తలవంపులు.

హమ్మూ కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. ఫద్మా పుదీనా చాయ్ పోసింది. అతను ఎప్పటిలాగే మొదలెట్టాడు. “ఇవాళ సంతలో ఏమైందో తెలుసా? గుంత దగ్గర లారీ బోల్తా పడి ఉల్లిపాయలన్నీ రోడ్డు మీద. పోలీసులు రాకముందే ఊరు ఊరంతా సంచులతో వచ్చింది. మన మసీదు ముసలాయన కూడా జుబ్బా జేబులు నింపుకుంటున్నాడు...”

ఎవరూ నవ్వలేదు. హమ్మూ ముఖాలన్నీ ఒకసారి చూశాడు.

“ఇంకేం విన్నావు అన్నా?” అంది ఇజ్జా.

“అంతే. చెప్పాగా.”

“తెగ భూమి సంగతేమీ అనుకోలేదా?”

హమ్మూ గ్లాసు కింద పెట్టాడు. “ఏ సంగతి?”

“ఆడవాళ్లకూ వాటా ఉందట. కోతి వేలు కొరికిన రోజే దండోరా వేశారట.”

ఆమె గొంతు పెంచలేదు. ఉప్పు ధర ఎంతని అడిగినట్టే అడిగింది. అందుకే హమ్మూకు తప్పించుకునే దారి దొరకలేదు. ఆమె అరిచి ఉంటే తనూ అరిచేవాడు.

“ఆ... అదా? అదింకా ఏమీ తేలలేదు ఇజ్జా. పెద్దలంతా కూర్చుని, కొన్నాళ్లు ఆగుదాం, ఇళ్లల్లో గొడవలెందుకు అనుకున్నారు. తేలాక చెప్దామనే...”

“అవతలి గట్టు వాళ్లకి ఎలా తేలింది?”

ఫద్మా అడ్డొచ్చింది. “పోనీ చెప్పలేదే అనుకో. నిన్నెవరైనా ఇంట్లోంచి పొమ్మన్నారా? నీ పిల్ల, మా పిల్ల అని ఎప్పుడైనా తేడా చూశామా? ఒక్క మాటకి మనిషిని ఇలా నిలదీస్తావా?”

“లేదు వదినా, తేడా చూడలేదు. నేనే చూశాను. ఒకరి అన్నం తింటున్నానని ప్రతి ముద్దకీ అనుకున్నాను. మనం తినే బార్లీ పండే చేను తెగ భూమిలో మా నాన్న వాటా. అందులో నాకూ భాగముందని తెలిసుంటే, ఇవాళ పొద్దున నా పిల్లని లహ్‌సెన్‌కి ఇచ్చేయమని చెప్పేదాన్నా?” ఇజ్జా అన్న వైపు తిరిగింది. “సరేనని చెప్పు అన్నప్పుడు నువ్వు నోరు తెరిచావు. నేను చూశాను. తెరిచి మూసేశావు.”

హమ్మూ ముఖం ఎర్రబడింది. ఇరుక్కున్న మనిషి చేతికందినదల్లా విసిరినట్టు, “నేనొక్కణ్ణేనా?” అన్నాడు. “ఈ కొండమీద ఏ మగాడు చెప్పాడు? ఫద్మా అన్నదమ్ములు చెప్పారా ఫద్మాకి?”

నోరు జారిందని అతనికి వెంటనే తెలిసింది. ఫద్మా చాయ్ పోస్తున్న చెయ్యి ఆగింది.

“మా అన్నదమ్ములు నాకు చెప్పాల్సిందేముంది?”

హమ్మూ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

“మా తెగకీ అదే ఉత్తరువా?”

అతను గ్లాసును వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

“నిన్నే అడుగుతున్నాను. నా వాటా సంగతి కూడా నీకు తెలుసా?”

“మీ పెద్దన్న అన్నాడు...” హమ్మూ నేలచూపులు చూశాడు. “నువ్వు మీ చెల్లికి చెప్పకు, నేను మా చెల్లికి చెప్పను, ఎవరి ఇల్లు వాళ్లకి చల్లగా ఉంటుందని.”

ఫద్మా చాయ్ పాత్రను నెమ్మదిగా పళ్లెంలో పెట్టింది. ఇంతసేపూ తను ఎవరి తరఫున వాదించిందో తలుచుకుంటే ఆమెకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లు నిండాయి. లేచి వెళ్లి ఇజ్జా పక్కన కూర్చుంది. హమ్మూ ఒక్కడే ఇవతల మిగిలాడు. ఏ బుధవారమూ అతని చుట్టూ ఇంత నిశ్శబ్దం లేదు.

మర్నాడు ఉదయం ఇజ్జా గొర్రెల దొడ్డి శుభ్రం చేస్తుంటే హమ్మూ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు వాచి ఉన్నాయి.

“భూమి మీద ఆశతోనే చెప్పలేదనుకుంటున్నావా?”

“ఆశ లేదంటే నమ్మను” అంది ఇజ్జా, పార ఆపకుండానే.

“ఉంది. లేదనను. కానీ అదొక్కటే కాదు. నీకంటూ నేల ఉందని తెలిస్తే నువ్వు వేరే ఇల్లు కట్టుకుని వెళ్లిపోతావని భయం వేసింది. అమ్మా నాన్నా పోయారు. నా చిన్నప్పటి సంగతులు తెలిసినదానివి నువ్వొక్కదానివే. సైన్యం నుంచి వచ్చినప్పుడు నన్ను చూసి ఏడ్చింది నువ్వు. నువ్వు ఈ ఇంట్లో ఉండాలనిపించింది.”

ఇజ్జా పార గోడకు ఆనించింది. “ఉండమని అడిగుంటే ఉండేదాన్ని. నువ్వు అడగలేదు అన్నా. వెళ్లడానికి దారి లేదని నన్ను నమ్మించావు. అడిగి ఉంచుకోవడం వేరు, తలుపు గడియ పెట్టి ఉంచుకోవడం వేరు. ఇన్నేళ్లూ నేను నీ ఇంట్లో కడుపునిండా నవ్వానా చెప్పు?”

హమ్మూ ఆలోచించాడు. ఆమె కోతి కథకు నవ్వింది. అంతకు మించి గుర్తు తెచ్చుకోబోతే ఏదీ అందలేదు. తన చుట్టూ తిరుగుతూ, పని చేస్తూ, సరే సరే అంటూ ఉన్న ఆ మనిషి సుఖంగా ఉందని ఇన్నాళ్లూ అతను అనుకున్నాడు. దొడ్డి గోడ మీద మోచేతులు ఆనించి, చేతుల్లో ముఖం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇజ్జా కాసేపు చూసి దగ్గరికెళ్లి వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తియ్యలేదు.

కాసేపటికి అతను ముఖం తుడుచుకుని, “చక్కెర నేను వెనక్కి తీసుకెళ్తాను” అన్నాడు.

“నలుగురిలో మాట పడాలి.”

“పడతాను. మాట ఇచ్చింది నేను.”

పట్టపగలు, పట్నం మధ్యలో, చాయ్ కొట్టు బల్లల మీద కూర్చున్న వాళ్లందరూ చూస్తుండగా హమ్మూ చక్కెర దిమ్మెలు మోసుకెళ్లి లహ్‌సెన్ ముందు పెట్టాడు. “తప్పు నాది. పిల్లని అడక్కుండా, తల్లికి చెప్పాల్సింది చెప్పకుండా మాట ఇచ్చాను” అన్నాడు. ఎవరో “ఆడవాళ్ల కొంగు పట్టుకుని తిరుగుతున్నాడ్రోయ్” అని నవ్వారు. లహ్‌సెన్ నవ్వలేదు. “నా పెద్ద కూతురు ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నాతో మాట్లాడటం లేదులే” అని దిమ్మెలు లోపల పెట్టుకున్నాడు.

ఇంట్లో ఫద్మా ఊరుకుంటుందా? నీళ్లకు వెళ్లినచోట, రొట్టెలు కాల్చుకునేచోట, కనబడ్డ ప్రతి ఆడదానికీ సంగతి చెప్పింది. దాంతో ప్రభుత్వ అధికారి కాయిద్ కచేరీలో నాయబు కూర్చునే రోజున హమ్మూ ఇజ్జానీ, ఫద్మానీ, తూదానీ తీసుకుని కొండ దిగుతుంటే, వెనక ఒక చిన్న ఊరేగింపే బయల్దేరింది. ముసలమ్మలు, చంకలో పిల్లలతో కోడళ్లు, ఎన్నడూ ఆ రోడ్డు దాటని వాళ్లు.

నాయబు వాళ్లని చూసి నీళ్లు నమిలాడు. పక్కనున్న గుమాస్తా అరబ్బీలో ఏదో అడిగాడు. అలవాటుగా హమ్మూ ఒక అడుగు ముందుకు వేసి గొంతు సవరించుకున్నాడు. ఇజ్జా అతని మోచేయి పట్టుకుంది.

“నువ్వుండు అన్నా. తూదా చెప్తుంది.”

హమ్మూ వెనక్కి తగ్గాడు. తూదా తల్లి పక్కన నిలబడి గుమాస్తా మాటను తమ భాషలోకి మార్చింది. “నువ్వెవరి కూతురివి అని అడుగుతున్నారమ్మా.”

ఇజ్జా ఒక్క క్షణం తడబడింది. ఇన్నాళ్లూ ఆమెను ఫలానావాడి విధవ అన్నారు, హమ్మూ చెల్లెలన్నారు. కన్నతండ్రి పేరు చెప్పమని అడిగినవాళ్లు లేరు. ఆమె తలగుడ్డ సర్దుకుని నాన్న పేరు, తాత పేరు, ఆ పై తాత పేరు వరసగా చెప్పింది. ఒక్కొక్క పేరూ తూదా గట్టిగా అరబ్బీలో అప్పగించింది. గుమాస్తా రాసుకున్నాడు. వాటా చేతికి రావడానికి ఇంకా నెలలు పడతాయని, రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుందని చెప్పాడు. “తిరుగుతాం. ఇప్పుడు దారి తెలుసుగా” అంది ఇజ్జా. తూదా ఆ మాటను కూడా వదలకుండా అప్పగించింది. గుమాస్తా తలెత్తి ఇద్దరినీ చూసి నవ్వాడు.

వెనకనున్న ముసలమ్మ ముందుకు జరిగింది. “తర్వాత నేను. అమ్మాయీ, నాది కూడా నువ్వే చెప్పు.”

బయటికొచ్చాక ఇజ్జా కూతురి చెయ్యి పట్టుకుంది. “ఆస్పత్రి ఈ దారిలోనే కదూ? పద, ఖెనిఫ్రా చదువు ఎప్పుడు మొదలో నర్సమ్మని అడుగుదాం.” తూదా తల్లి ముఖంలోకి చూసింది. నడిరోడ్డు మీదే తల్లి మెడ చుట్టేసింది.

హమ్మూ కంచర గాడిద పగ్గం విప్పి ఇంటి దారి పట్టబోతే ఫద్మా అతని ముందు నిలబడింది.

“ఎక్కడికి? మనం అటు కాదు, ఇటు.” ఆమె చెయ్యి కొండ అవతల, తన పుట్టింటి ఊరి వైపు చూపిస్తోంది.

“ఇవాళేనా?”

“ఇవాళే.”

మధ్యాహ్నానికి వాళ్లు ఆ ఇంటి గుమ్మం ముందున్నారు. ఫద్మా పెద్దన్న తలుపు తీశాడు. చెల్లెల్ని, బావని చూసి ముఖం విప్పారింది. “రండి రండి! ఏంటి చెప్పాపెట్టకుండా? లోపలికి రా బావా, సంత కబుర్లు చెప్దువు గాని. నీ కబుర్లు విని ఎన్నాళ్లయిందో!” అంటూ లోపలున్న ఆడవాళ్లందరినీ కేకేసి పిలిచాడు. వదినలు, మేనకోడళ్లు, ఫద్మా ముసలి తల్లి, అందరూ చేతులు తుడుచుకుంటూ నవ్వుముఖాలతో వచ్చి చుట్టూ కూర్చున్నారు.

ఫద్మా తన భర్త వైపు చూసింది, అంతే.

హమ్మూ పెద్ద బావమరిది ముఖం చూశాడు, చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల ముఖాలు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఒక కబురుంది” అన్నాడు. “ఎప్పుడో చెప్పాల్సింది.”